రంగు కూడా చెప్పు

జూన్ 3, సోమవారం

ఇది కంప్యూటర్లో నేనే కొడుతున్నాను. చుక్క పెట్టే మీట దొరికింది.

జూన్ 4, మంగళవారం

రోజూ ఏదో ఒకటి కొట్టమంది మా అమ్మాయి, వేళ్ళు అలవాటు పడతాయని. నాకేం కంగారు లేదు.

జూన్ 5, బుధవారం

నిన్న రాసింది ఇంకా ఉంది. పళ్ళు తోముకోకుండానే వచ్చి చూశాను. ఎవరూ చెరపలేదు.

జూన్ 6, గురువారం

వేళ్ళు కాస్త దారిలో పడ్డాయి. ఇవాళ కొంచెం పెద్దది కొడతాను. ఎవరూ చదవరని అమ్మాయి ఒట్టేసి చెప్పింది కాబట్టి మా ఇంటి సంగతే కొడతాను.

అమ్మాయికి కుడికంటి లోపల పొర ఊడింది. ఎడమకన్ను చిన్నప్పటి నుంచీ పేరుకే కన్ను, దానికి వెలుతురు తప్ప అక్షరం ఆనదు. ఆపరేషన్ చేసి కుడికంట్లో గాలిబుడగ పెట్టారు. ఆ బుడగ పొరని వెనక్కి నొక్కి పట్టాలంటే మనిషి బోర్లానే ఉండాలట. తిండికీ స్నానానికీ తప్ప తల ఎత్తకూడదు. ఆ తర్వాత కూడా బుడగ కరిగేదాకా అన్నీ నీళ్ళలోంచి చూసినట్టే కనపడతాయట. అల్లుడు తోలు, స్పాంజి కోసి, మధ్యలో మొహం పట్టేంత ఖాళీ వదిలి ఒక మెత్త కుట్టాడు. ఆసుపత్రివాళ్ళు ఇచ్చినదానికంటే ఇదే హాయిగా ఉందని అమ్మాయి మెచ్చుకుంది. నేలని చూస్తూ మెచ్చుకుంది.

అల్లుడు బూట్లు కుడతాడు. మామూలు బూట్లు కావు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళకి, పాదం వంకర తిరిగినవాళ్ళకి, వేళ్ళు తీసేసినవాళ్ళకి. ముందు గదిలో గాజు పెట్టె ఒకటి ఉంది. దాని మీద నిలబడితే పాదం బొమ్మ కంప్యూటర్లోకి వెళ్తుంది. ఆ బొమ్మని అమ్మాయి సరిచేసి కొలతలు ఇస్తే, అల్లుడు చెక్కతో అచ్చు చెక్కి, దాని మీద తోలు లాగి కుడతాడు. అల్లుడు కంప్యూటర్ దగ్గరికి రాడు. చేతులకి జిగురు ఉందంటాడు. భోజనానికి వచ్చేటప్పుడు మాత్రం ఆ జిగురు ఎలా పోతుందో నాకు తెలియదు.

అమ్మాయి బోర్లా పడుకుంటే ఆ పని ఎవరు చూడాలి? ఇంట్లో మిగిలింది నేను. ఐదో తరగతి సగంలో బడి మానేసినదాన్ని. ఆపరేషన్‌కి వెళ్ళేముందే అమ్మాయి కంప్యూటర్లో మాటలన్నీ తెలుగులోకి మార్చి పెట్టింది. అల్లుడు మీటల మీద తెలుగు అక్షరాలు రాసిన కాగితం ముక్కలు అంటించాడు. ఒక ముక్క అప్పుడే ఊడి పోయింది. దాంతో నాకు పెద్ద పని పడలేదు.

ఆమె వెనక గదిలో మంచం మీద నుంచి చెబుతుంది. నేను తలుపు పక్కన బల్ల దగ్గర కూర్చుని, తెర మీద ఉన్నది చదివి వినిపించి, నొక్కమన్నది నొక్కుతాను. ఆమెకి తెలుసు, కనపడదు. నాకు కనపడుతుంది, తెలియదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి.

నిజంగా నాకేం కంగారు లేదు. తిండి కొంచెం సయించడం లేదు, అంతే.

జూన్ 7, శుక్రవారం

తప్పు జరిగింది. ఇంట్లో ఏ ప్లగ్గూ పెట్టి ఉంచను నేను. పని అవగానే పీకేస్తాను. అల్లుడు గోడ దగ్గర వంగినప్పుడల్లా అత్తయ్య వచ్చి వెళ్ళిందన్నమాట అని నవ్వుతాడు. నిన్న సాయంత్రం కంప్యూటర్ ఏదో తిరుగుతూ తిరుగుతూ ఆగడం లేదు. దానికే బాగా లేదేమో, విశ్రాంతి ఇద్దామని పీకేశాను. పొద్దున లేవలేదు అది. నల్లగా మొహం పెట్టుకుని కూర్చుంది.

అమ్మాయి చెబుతుంటే ఏవేవో నొక్కాను. చాలాసేపటికి తేరుకుంది. అప్‌డేట్ అంటే కంప్యూటర్ తన చొక్కాకి తానే మాసిక వేసుకోవడమట. దొంగలు దూరే చిల్లులు ఎక్కడున్నాయో కనిపెట్టి, తయారుచేసినవాళ్ళు గుడ్డముక్కలు పంపిస్తుంటారట. సూది గుచ్చి ఉండగా దారం తెంపానట నేను.

"మాసిక పడేటప్పుడు మాత్రం పీకకమ్మా. మిగతావి నీ ఇష్టం, ఫ్రిజ్ తప్ప."

ఫ్రిజ్ సంగతి ఇప్పుడెందుకు ఎత్తాలి? అది ఎప్పుడో అయిపోయింది.

జూన్ 8, శనివారం

ఇవాళ తాళం మార్చాం. పాత పాస్‌వర్డ్ షాపు పేరట. అది బయట బోర్డు మీదే రాసి ఉంది కదా అన్నాను. అదీ నిజమే అంది అమ్మాయి. తర్వాత, పేర్లూ పుట్టిన తేదీలూ వద్దు, ఒకదానితో ఒకటి పొత్తు లేని మాటలు నాలుగు పెట్టు, పొడుగ్గా ఉండాలి, నువ్వు మర్చిపోనివి అయ్యుండాలి అంది.

నాకు భయమైనవి నాలుగు వరసగా పెట్టాను. అవేమిటో ఇక్కడ కూడా రాయను. నా భయాలు అన్నీ ఇన్నీ కావు కాబట్టి అందులో ఏ నాలుగో ఎవడూ కనిపెట్టలేడు. మర్చిపోవడమనే మాటే లేదు.

దాని మీద ఇంకో గొళ్ళెం కూడా. మెయిల్ తెరిచేటప్పుడు నా ఫోనుకి అంకెలు వస్తాయి. అవి ఎవరికీ చెప్పకూడదు. సాయంత్రం నేను వంటింట్లో ఉంటే అల్లుడు పిలిచాడు, అత్తయ్యా ఏవో అంకెలు అడుగుతోంది, ఏం వచ్చాయని. చేతులు తుడుచుకుని వెళ్ళి, అతన్ని పక్కకి జరగమని, నేనే కొట్టి వచ్చాను. పరాయివాణ్ణయ్యానన్నమాట అన్నాడు. ఎవరికీ అంటే ఎవరికీ అన్నాను.

జూన్ 10, సోమవారం

మధ్యాహ్నం ఫోను. ఎవడో, గొంతు మర్యాదగానే ఉంది. మీ కంప్యూటర్లో వైరస్ పడింది, మేం కంపెనీ నుంచి మాట్లాడుతున్నాం, మేం చెప్పినవి నొక్కితే ఇక్కణ్ణుంచే బాగుచేస్తాం అన్నాడు. గుండె జారిపోయింది. వైరస్ పడిందని నీకెలా తెలిసింది బాబూ అన్నాను. మాకు ఇక్కడ అంతా కనపడుతోందమ్మా అన్నాడు.

అంతా కనపడుతోందంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

"అయితే వంటింట్లో పొయ్యి కట్టేశానో లేదో కాస్త చూసి చెప్పు నాయనా. ఇందాకటి నుంచీ అదే ఆలోచన."

అది కనపడదన్నాడు. వెనక తలుపు గడియ అడిగాను. అదీ కనపడదట. మేడ మీద ట్యాంకు నిండిందా అంటే విసుక్కున్నాడు. అంతా కనపడుతోందన్నావు కదా అంటే పెట్టేశాడు. లోపల అమ్మాయి మెత్తలో మొహం పెట్టుకునే నవ్వుతోంది. నవ్వకు, కన్ను అదురుతుందని కేకలేశాను.

కంప్యూటర్ కంపెనీవాళ్ళు మన వైరస్ కోసం మనకి ఫోను చెయ్యరట. చేస్తే వాడు దొంగే. పొయ్యి కట్టేసే ఉంది.

జూన్ 11, మంగళవారం

కంట్రోలూ జెడ్డూ కలిపి నొక్కితే చేసిన తప్పు వెనక్కి పోతుంది. బతుకులో ఇదొక్కటి ఉంటే చాలు.

జూన్ 12, బుధవారం

బస్సు డ్రైవరూ ఆయన కూతురూ వచ్చారు. ఆ పిల్లని మేం తూనీగ అంటాం, ఒకచోట వాలదు. రెండు పాదాలూ లోపలికి తిరిగి పుట్టింది. నడక రాకముందు నుంచీ ఏడాదికోసారి వచ్చి గాజు పెట్టె ఎక్కుతోంది. ఏ ఏటి పాదం ఆ ఏడు బొమ్మగా కంప్యూటర్లో ఉంది. ఇప్పుడు పిల్లకి ఆపరేషన్ చెయ్యాలా, బూట్లతోనే సరిపోతుందా అని పెద్ద డాక్టరు ఆలోచిస్తున్నాడట. పాదం ఏటేటా ఎటు తిరుగుతూ వచ్చిందో చూస్తేగానీ చెప్పలేనన్నాడట. ఇరవై నాలుగో తారీకు వాళ్ళని రమ్మన్నాడు. ఆ లోపల బొమ్మలన్నీ అందాలి. ఆయన ఆసుపత్రివాళ్ళే మెయిల్లో ఉత్తరం పంపుతారు, దానికి జవాబుగా మనం బొమ్మలు పంపాలి.

డ్రైవరు తలుపు దగ్గరే నిలబడి అమ్మాయితో అన్నాడు, కొయ్యనక్కర్లేదని ఆయన అంటే చాలమ్మా, ఈ బొమ్మలే మాకు సాక్ష్యం అని. ఈ ఏటి పాదం కావాలంటే మళ్ళీ ఎక్కించొచ్చు. పోయిన ఏటి పాదం మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది?

తూనీగ నా బూటు చూసింది. నా ఎడమకాలు పొట్టి, బూటు అడుగున మందంగా దిమ్మ ఉంటుంది. నీదీ ఈ కంప్యూటర్లో ఉందా మామ్మా అంది. మొట్టమొదటి బొమ్మ నాదే, గాజు పెట్టె కొన్న రోజు పగులుతుందేమోనని నన్నే ఎక్కించి చూశారు అన్నాను. నవ్వి పరిగెత్తింది. పడుతుందేమోనని వీధి మలుపు దాకా చూశాను.

జూన్ 13, గురువారం

కంప్యూటర్ పక్కన అగ్గిపెట్టె అంత నల్ల పెట్టె ఒకటి ఉంది. డిస్కు. కంప్యూటర్లో ఉన్నవన్నీ అందులోకి ఇంకో నకలు వెళ్తాయి. బ్యాకప్ అంటే అదేనట. దాన్ని తగిలించే ఉంచు, సాయంత్రం అయ్యేసరికి తనే నకలు తీసుకుంటుంది అంది అమ్మాయి.

సరేనన్నాను.

తగిలించే ఉంచడమంటే నావల్ల కాదు. పిడుగు పడితే? ఎవడైనా వచ్చి కంప్యూటర్ ఎత్తుకుపోతే పక్కనున్న దాన్ని వదిలిపెట్టి పోతాడా? సాయంత్రం పని అయ్యాక తగిలించి, నకలు అయిందని తెర మీద పడ్డాక పీకి, నా పాత బూట్ల అట్టపెట్టెలో ఎడమ బూటు లోపల పెట్టి, అలమరా పైన పెడుతున్నాను. మొదటి రోజు నుంచీ ఇంతే. దీనికోసం మళ్ళీ ఆమెని విసిగించడం దేనికి, అడగలేదు కాబట్టి చెప్పలేదు.

జూన్ 14, శుక్రవారం

ఇవాళ అమ్మాయి నా మీద విసుక్కుంది. తప్పు ఆమెది కాదు. ఇన్ని రోజులు నేలనే చూస్తూ పడుకుంటే ఎవరైనా అంతే. మెడ పట్టేసింది. బుగ్గ మీద మెత్త కుట్టు అచ్చు పడింది.

నేనేమో తెర మీద కనపడినదల్లా చెబుతాను. మూలన చిన్న గంట ఊగింది, ఆకుపచ్చ గీత సగం దాకా వచ్చింది, బాణం గుర్తు గుండ్రంగా మారింది, ఎర్ర చుక్క పడింది. పనేదో చెబుతుంటే మధ్యలో ఎర్ర చుక్క అన్నాను.

"అమ్మా, రంగులు చెప్పకు. అక్షరాలు చెప్పు. రంగులు వింటే నాకు తల తిరుగుతోంది."

సరే. అక్షరాలే చెబుతాను.

జూన్ 15, శనివారం

అక్షరాలే చెప్పాను. పని తొందరగా అయింది.

జూన్ 17, సోమవారం

ఇవాళ ఒక్కదాన్నే ఒక పాదం ఎక్కించాను. అమ్మాయి నిద్రలో ఉంది, లేపలేదు. గాజు పెట్టె మొదలుపెట్టగానే తెర మీద రోజూ వచ్చే చిన్న పెట్టె వచ్చింది, నీలంగా, ఈ ప్రోగ్రాంకి అనుమతి ఇస్తారా అని. గాజు పెట్టె చేసిన కంపెనీ పేరు చదివాను. ఇచ్చాను. లైబ్రరీలో పనిచేసే ఆవిడ పాదం, మడమ దగ్గర ఎముక పెరిగింది. బొమ్మ చక్కగా వచ్చింది. ఆవిడ నన్ను మేడమ్ అంది. నన్ను.

వాళ్ళూ వీళ్ళూ కంప్యూటర్ అంటే బ్రహ్మవిద్య అనుకుంటారు గానీ, ఇల్లు చూసుకోవడం వచ్చినవాళ్ళకి ఇది పెద్ద లెక్క కాదు. తలుపు వేశామా, ఎవరు తట్టారు, తాళంచెవి ఎక్కడ, అంతే. డిస్కు పీకి పెట్టాను. నాకింక భయం లేదు.

జూన్ 21, శుక్రవారం

మంగళవారం నేను కొట్టినది పోయింది. సోమవారం దాకా ఉన్నవి మళ్ళీ వచ్చాయి, పైన ఉన్నాయి, ఒక్కొక్కటీ చదివి చూసుకున్నాను. మంగళవారం ఏం కొట్టానో గుర్తులేదు. కంగారు లేదనే కొట్టి ఉంటాను.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మంగళవారం పొద్దున ఇద్దరి పాదాలు ఎక్కించి, ఆ తర్వాత అమ్మాయిని కంటికి చూపించడానికి తీసుకువెళ్ళాం. పొర అతుక్కుంటోంది, ఇంకొన్ని రోజులు బోర్లానే ఉండమన్నారు. తిరిగొచ్చేసరికి పొద్దుపోయింది, నకలు తియ్యలేదు. డిస్కు నా బూటులోనే ఉంది.

బుధవారం మధ్యాహ్నం మెయిల్ వచ్చింది. తూనీగ ఆసుపత్రి పేరుతోనే వచ్చింది. మీ పేషెంటు రిపోర్టు, వెంటనే తెరవండి అని ఉంది. మేం ఆసుపత్రి ఉత్తరం కోసమే ఎదురుచూస్తున్నాం. చదివాను. తెరవమంది. దానికి తగిలించిన కాగితం మీద నొక్కాను. పెట్టె వచ్చింది.

పసుపు పెట్టె.

రోజూ వచ్చేది నీలం. ఇది పసుపు. నీలం పెట్టెలో కంపెనీ పేరు ఉండేచోట ఇందులో తెలియదు అని ఉంది. చెబుదామని నోరు తెరిచాను. రంగులు చెప్పకు అన్న మాట గుర్తొచ్చింది. పొద్దుటి నుంచీ ఆమెకి తలనొప్పిగా ఉంది.

"అనుమతి అడుగుతోందే," అన్నాను.

"ఇచ్చెయ్యమ్మా."

ఆమెకి అది గాజు పెట్టె రోజూ అడిగే అనుమతే. ఇచ్చాను.

కాగితం తెరుచుకోలేదు. కంప్యూటర్ లోపల ఫ్యాను పెద్దగా తిరగడం మొదలుపెట్టింది. కాసేపటికి పాదాల బొమ్మల పేర్ల వెనక నేనెప్పుడూ చూడని తోకలు మొలుస్తూ వచ్చాయి, ఒకదాని తర్వాత ఒకటి, పై నుంచి కిందికి. నా పాదానికే మొదట మొలిచింది. నొక్కితే తెరుచుకోలేదు. తర్వాత తెర నిండా ఎర్ర అక్షరాలు. మీ ఫైళ్ళన్నిటికీ తాళం వేశాం, డబ్బు పంపితేనే తాళంచెవి, ఆలస్యం చేస్తే ఎప్పటికీ ఉండవు.

అదంతా చదివి వినిపించాను. ముందు ఇంటర్నెట్ వైరు లాగేశాను, ఎవడో లోపలికి వచ్చాడంటే ఆ దారినే కదా. గోడ ప్లగ్గు మీద చెయ్యి వేసి ఆగాను. మాసిక పడేటప్పుడు పీకకూడదంది.

"ఇది మాసికేనా? పీకనా వద్దా?"

"పీకెయ్యి," అంది.

పీకాను. అల్లుడు సుత్తి పట్టుకునే వచ్చి నిలబడ్డాడు. అమ్మాయి తల ఎత్తలేదు. ఎత్తకూడదు కదా. ఏడవకూడదు కూడా. ఆ మెత్తలోంచే మాట్లాడింది, నెమ్మదిగా, లెక్క అప్పజెప్పినట్టు.

"డిస్కు కూడా తగిలించే ఉంది. దానికీ వేసేసి ఉంటారు తాళం. తూనీగ బొమ్మలు పోయాయి. అందరివీ పోయాయి."

"డిస్కు తగిలించి లేదు," అన్నాను.

"తగిలించే ఉంచమన్నాను కదమ్మా."

"నువ్వు ఉంచమన్నావు. నేను ఉంచలేదు. నా బూటులో ఉంది."

అల్లుడు సుత్తి కింద పెట్టాడు. మెత్తలోంచి చిన్న చప్పుడొచ్చింది. ఏడుస్తోందేమో, కన్ను ఏమవుతుందోనని పరిగెత్తి వెళ్ళాను. నవ్వుతోంది. నవ్వూ ఏడుపూ రెండూ అనుకుంటాను. తల వంచి కింద నుంచి చూస్తేగానీ తెలియలేదు నాకు.

అప్పుడే చెప్పాను పసుపు సంగతి. మంచం పక్కన నేల మీద కూర్చుని చెప్పాను. నీలం కాదు, పసుపు వచ్చింది, చెబుదామనుకుని మింగేశాను అని. ఎవరు చేశారో తెలియని ప్రోగ్రాం వస్తే ఆ పెట్టె పసుపులో వస్తుందట. కంప్యూటర్ అలా రంగు మార్చి మరీ హెచ్చరించిందట. కళ్ళుంటే ఆమెకి చూడగానే తెలిసేదట.

"చెప్పొద్దన్నది నేనే," అంది చివరికి. "ఇక నుంచి రంగు కూడా చెప్పమ్మా. నీకు తేడాగా అనిపించిందల్లా చెప్పు. నేను విసుక్కున్నా సరే చెప్పు."

గురువారం సంగతి వేరు. కంప్యూటర్ రిపేరు షాపాయన శుక్రవారం గానీ రాలేనన్నాడు, వచ్చేదాకా దేన్నీ ముట్టుకోవద్దన్నాడు. డబ్బు కట్టేద్దాం, పీడా పోతుంది అన్నాడు అల్లుడు. కడితే తాళంచెవి ఇస్తారని ఏముంది, దొంగని నమ్మి మళ్ళీ తలుపు తీస్తామా అంది అమ్మాయి. ఇంతలో డ్రైవరు డ్యూటీ దిగి నేరుగా మా ఇంటికే వచ్చాడు, బొమ్మలు వెళ్ళాయా అని. అల్లుడికి అబద్ధం చెప్పడం రాదు. చెప్పేశాడు. డ్రైవరు యూనిఫాం టోపీ మోకాలి మీద పెట్టుకుని ముందు గదిలో కూర్చున్నాడు. లేవలేదు.

అల్లుడు నా దగ్గరికి వచ్చాడు. అట్టపెట్టె నా ఒళ్ళో ఉంది. పొద్దుటి నుంచీ ఒళ్ళోనే ఉంది.

"ఒక్కసారి తగిలించి చూద్దాం అత్తయ్యా. పిల్ల బొమ్మలు ఉన్నాయో లేవో తెలిస్తే ఆయన ఇంటికి వెళ్తాడు."

"దేనికి తగిలిస్తావు బాబూ?"

"కంప్యూటర్‌కే. చూసి వెంటనే పీకేద్దాం. పీకడం మీకు తెలియనిదా."

ఎప్పుడూ నా మీద గొంతెత్తని మనిషి. అప్పుడూ ఎత్తలేదు. ఎత్తితే బాగుండేది, నాకు కాదనడం తేలికయ్యేది.

"ఇంట్లో దొంగ ఉన్నాడో పోయాడో తెలియకుండా నగల పెట్టె వాడి ముందు పెట్టి మూత తీస్తామా? ఇల్లంతా కడిగి, తాళాలు మార్చి, రిపేరాయన చూసి సరేనన్నాకే ఇస్తాను. అప్పటిదాకా నన్ను లేవదీసినా ఇది లేవదు."

అతను డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు నా వైపు చూశాడు. అట్టపెట్టెని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను.

"అమ్మగారు చెప్పినట్టే కానివ్వండి," అన్నాడు డ్రైవరు. "బ్రేకు మీద అనుమానం వస్తే నేనూ బండి తియ్యను."

వెళ్ళిపోయాడు. అల్లుడు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. పెట్టె దించకుండానే తాగాను.

ఇవాళ రిపేరు షాపాయన వచ్చాడు. ముందుగా అడిగింది ఆ డిస్కు తగిలించారా అని. లేదంటే ఊపిరి వదిలాడు. వైరస్ లోపలే కాచుకుని కూర్చుంది మామ్మగారూ, తగిలించిన క్షణం ఇదీ పోయేది అన్నాడు. అల్లుడు ఏదో పని గుర్తొచ్చినట్టు జిగురు డబ్బా వెతుక్కున్నాడు. నేను అనాల్సినవి చాలా ఉన్నాయి, అయినా అనలేదు.

కంప్యూటర్‌ని అడుగంటా తుడిచేసి, అన్నీ కొత్తగా ఎక్కించి, పాస్‌వర్డ్ మార్చమన్నాడు. ఇంకో నాలుగు భయాలు తీశాను. ఏం తరగలేదు. ఆ తర్వాత మూత తీసి డిస్కు ఇచ్చాను. ముందు దాన్ని ఇంకో కొత్త డిస్కులోకి నకలు తీశాడు. ఇక నుంచి రెండు ఉండాలి, ఒకటి ఇంట్లో, ఒకటి ఇంకోచోట, రెండూ ఎప్పుడూ తగిలించి ఉండకూడదన్నాడు. అది విని అమ్మాయి మంచం మీద నుంచి, ఆవిడకి చెప్పక్కర్లేదండీ అంది.

బొమ్మలు ఒక్కొక్కటే వచ్చాయి. తోకలు లేవు. ముందు నా పాదాలు, పొట్టిదీ పొడుగుదీ. తర్వాత అందరివీ. తూనీగ పాదాలు, ఏటేటివీ. మొదటిది నా బొటనవేలంత. మంగళవారం ఎక్కించిన ఇద్దరి బొమ్మలూ, నేను కొట్టిన ఆ పేజీ, ఇవి తప్ప అన్నీ ఉన్నాయి. ఆ ఇద్దరికీ ఫోను చేసి మళ్ళీ రమ్మన్నాం.

అల్లుడు డ్రైవరుకి ఫోను చేశాడు. అవతల మాట వినపడలేదు. పిల్ల గెంతుతున్న చప్పుడు వినపడింది.

జూన్ 22, శనివారం

పొద్దున అమ్మాయి నాచేత తూనీగ ఆసుపత్రికి ఫోను చేయించింది. మెయిల్లో ఉన్న నెంబరుకి కాదు, డ్రైవరు దగ్గరున్న వాళ్ళ చీటీ మీది నెంబరుకి. అసలు ఉత్తరం వాళ్ళు పంపనే లేదట, ఇప్పుడు పంపుతాం అన్నారు. ఏ చిరునామా నుంచి వస్తుందో ఒక్కో అక్షరం చెప్పించుకున్నాను. వాళ్ళు విసుక్కున్నారు. విసుక్కోనీ.

వచ్చింది. ఈసారి పేరు చదివి ఊరుకోలేదు, పేరు వెనక చిరునామా తెరిచి చూశాను. చెప్పినదే. బుధవారం నాటిది తీసి పక్కన పెట్టి చూస్తే, పేరు ఆసుపత్రిదే గానీ వెనక చిరునామా ఎక్కడిదో, నోరు తిరగదు. దొంగ మన బంధువు చొక్కా వేసుకుని వచ్చాడు. మొహం చూడకుండా కూర్చోబెట్టాం.

కంటి ఆసుపత్రివాళ్ళు అమ్మాయిని కాసేపు కూర్చోనివ్వచ్చన్నారు, తల వంచుకునే. నా పక్కనే కుర్చీ వేసుకుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని, నేలని చూస్తూ కూర్చుంది. తెర ఆమెకి నీళ్ళలో దీపంలా ఉందట. కన్ను బాగుపడుతుందనే చెప్పారు. చెప్పారు కదా అనుకుంటున్నాను.

తూనీగ బొమ్మలు తియ్యాలంటే గాజు పెట్టె ప్రోగ్రాం తెరవాలి. నొక్కాను. పెట్టె వచ్చింది.

"అనుమతి అడుగుతోంది," అన్నాను.

"రంగు?"

"నీలం. పేరు ఉంది. మనదే."

"ఇంకేమైనా తేడాగా ఉందా?"

"మూలన గంట ఊగుతోంది. అది రోజూ ఊగుతుంది."

"అయితే నువ్వే చెప్పు, ఇవ్వచ్చా?"

నన్ను అడిగింది. నేల మీద నుంచి చూపు తిప్పకుండా నన్ను అడిగింది. పేరు మళ్ళీ చదివాను. రంగు మళ్ళీ చూశాను. లేచి వెళ్ళి అలమరా పైన అట్టపెట్టె ఉందో లేదో చూసి, మూత తీసి, ఎడమ బూటులో చెయ్యి పెట్టి, ఉందని చూసుకుని వచ్చి కూర్చున్నాను. అమ్మాయి తొందరపెట్టలేదు.

కంగారుగానే ఉంది.

నొక్కాను.